ముందు సీటు

పడవ చూసి వస్తానని వెంకటముని పొద్దున్నే చొక్కా వేసుకుంటుంటే, దేవకమ్మ పీట మీద నుంచి మూడుసార్లు చెప్పింది.

"రెండు సీట్లది సూడు. ఒంటి సీటుది ఊరికే ఇస్తామన్నా తేవొద్దు."

"సూస్తాలే."

"సూస్తాలే కాదు. తేవల్ల."

మొదటిసారి విన్నప్పుడు అతను తలూపాడు. రెండోసారి గుండీలు పెట్టుకున్నాడు. మూడోసారి ఆమె వైపు చూడకుండా చెప్పుల కోసం వెతికాడు, చెప్పులు కాళ్ల ముందే ఉన్నా.

ఆరణియారు డ్యాములో చేపలు పట్టేవాళ్లకు ఉన్నది ఒకటే రకం పడవ, పుట్టి. గుండ్రంగా పెద్ద గంప మాదిరి ఉంటుంది. ఒకరు తెడ్డు వేయాలి, ఒకరు వల వదలాలి. గుండ్రటిదానికి ముందూ వెనకా ఏముంటుందని అడగొద్దు. తెడ్డు వేసే మనిషి కూర్చున్న వైపే ముందు. పిచ్చాటూరు చుట్టుపక్కల ఈ పనికి మొగుడూ పెళ్లాలే జోడీ. బయటివాణ్ని పెట్టుకుంటే సగం చేప వాడిది, తిట్లు మనవి. అందుకే పెళ్లిచూపుల్లో పిల్లకు తెడ్డు వేయడం వచ్చా అని అడుగుతారు ఆ ఇళ్లలో. నవ్వకండి, నిజంగానే అడుగుతారు. దేవకమ్మను అడిగితే తల కూడా దించకుండా, "మీవాడికి వల వదిలేది వస్తే నాకు తెడ్డేసేది వస్తాది" అందట. అలా ముందు చోటు ఇరవై ఆరేళ్ల పాటు ఆమెదైంది.

ఇంకో గౌరవం కూడా ఉండేది ఆమెకు. ఏటా సెప్టెంబరులో వేట మొదలయ్యే రోజున, ఒడ్డున సొసైటీ కాటా సరిగ్గా ఉందో లేదో చూడాలి. రాళ్లూ గుండ్లూ ఎవరికి నమ్మకం? దేవకమ్మను ఎక్కించేవాళ్లు. ముల్లు యాభై రెండు మీద నిలిస్తే కాటా మంచిది. ఒక ఏడు యాభై నాలుగు చూపిస్తే, మనిషి ఒళ్లు చేసిందేమోనని ఒక్కరూ అనలేదు, నేరుగా మెకానిక్కును పిలిపించారు. తీరా చూస్తే కాటాదే తప్పు. ఆ కథ చెప్పుకుని వెంకటముని ఎన్నేళ్లు మురిసిపోయాడో.

ఇక చెప్పక తప్పనిది చెప్పాలి. పోయిన మాఘమాసంలో ఒక ఉదయం ఆరు గంటలకు వల ఎత్తుతుండగా దేవకమ్మ చేతిలోని తెడ్డు జారి నీళ్లలో పడింది. "ఏంది మే, నిద్ర పోతావుండావా?" అన్నాడు వెంకటముని. ఆమె పక్కకు ఒరిగిపోయి ఉంది. ఎడమ చెయ్యి తడి గుడ్డ మాదిరి వేలాడుతోంది. చెయ్యి వేలాడితే ఆ ప్రాంతంలో ఎవరికైనా తోచేది ఒకటే: భుజం జారింది, పుత్తూరు పోయి కట్టు కట్టించాలి. దేవకమ్మ కూడా తడబడే నాలుకతో "పుత్తూరు" అనే అంది. తెడ్డు లాగీ లాగీ కీలు తప్పిందనుకున్నాడు. పుత్తూరులో వరసలో కూర్చున్నారు. ముందు కాలు విరిగిన పిల్లలు, నడుము పట్టిన ముసలమ్మలు, స్కూటర్ల మీద నుంచి పడినవాళ్లు. వీళ్ల వంతు వచ్చేసరికి పదిన్నర. కట్టు కట్టే పెద్దాయన భుజం తడిమి, మోచెయ్యి తడిమి, ఆమెను నవ్వమన్నాడు. నోరు ఒక పక్కకే కదిలింది. ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు. "ఇది ఎముక కాదు నాయనా. నిలబడకుండా తిరపతికి పో. ఈడికి యాల తెచ్చినావు?" అన్నాడు.

తిరుపతి ఆసుపత్రిలో చిన్న డాక్టరమ్మ ఎన్ని గంటలకు పడిందని అడిగింది. ఆరు అన్నాడు. ఆమె గడియారం చూసింది. నాలుగున్నర గంటల లోపల వచ్చి ఉంటే ఒక ఇంజెక్షను ఉండేదని, ఇప్పుడు వేయలేమని, తిట్టినట్టు కాకుండా మామూలుగానే చెప్పింది. వెంకటముని సరేనని తలూపాడు. ఆ మాట అతను దేవకమ్మకు ఈ రోజు దాకా చెప్పలేదు. ఇంటికొచ్చి ఆరు నెలలైంది. అన్నం పెట్టేటప్పుడు, ఒళ్లు తుడిచేటప్పుడు, ఆ మాట మొదలుపెట్టబోయి చేస్తున్న పనిలో పడిపోతాడు.

పాపం దేవకమ్మ మాత్రం ఊరుకునే మనిషి కాదు. గోడకు ఆనకుండా పీట మీద కూర్చోవడం నేర్చుకుంటోంది. ఎడమ పక్కన ఒక దిండు. పొయ్యి మీద ఎసరు పొంగే దాకా ఒరగకుండా కూర్చుంటే ఆ రోజు తను గెలిచినట్టు లెక్క. కుడి చేత్తో ఒక కర్ర పట్టుకుని గాలిలో తెడ్డు వేసేది. పక్కింటి వరదమ్మ ఫోనులో ఒకనాడు కయాక్ చూపించింది. సన్నగా పొడుగ్గా ఉండే ప్లాస్టిక్ పడవ, మనిషి కుర్చీలో కూర్చున్నట్టు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని చేపలు పడుతున్నాడు. అప్పటినుంచి ఇంట్లో అదే మాట.

"పుట్టిలో కాళ్లు మడిసి కూసోవల్ల, అది నాతో కాదు. దీంట్లో వీపుకు ఆనుడు ఉండాది. వానలు పడేనాటికి నేనొస్తా," అంది దేవకమ్మ.

వానలు పడేది అక్టోబరులో. ఆసుపత్రిలో చెయ్యీ కాలూ ఆడించే ఆయన జూలైలోనే వెంకటమునిని బయటికి పిలిచి చెప్పాడు, ఎడమ పక్క ఇక రాదని, పట్టుకోకుండా కూర్చోగలిగితే అదే పదివేలనీ. అది కూడా అతను ఇంట్లో చెప్పలేదు. చెప్పనివి రెండయ్యాయి.

పుట్టిలో ఒంటరిగా పోయి చూశాడు, కాదనడానికి లేదు. తెడ్డు వదిలి వల పట్టుకుంటే పుట్టి గిర్రున తిరుగుతుంది, వల వదిలి తెడ్డు పట్టుకుంటే వల చుట్టుకుపోతుంది. సెప్టెంబరు దాటేలోపు కాటా మీద చేప పెట్టకపోతే లైసెన్సు ఇంకొకరి పేరు మీదికి పోతుంది. ఒక మనిషి నడపగలిగే పడవ కావాలి. తక్కువలో రావాలి. తిరగబడకూడదు. ఈ మూడే అతను వెతికింది.

తడ దాటినాక సరస్సు ఒడ్డున ఒక రిసార్టు మూతబడి, దాని పడవలు అమ్ముతున్నారని తెలిసి సత్యవేడు మీదుగా వెళ్లాడు. అక్కడ కాపలా ఉండేది చక్రధర్, సూళ్లూరుపేట మనిషి. ఒకప్పుడు వచ్చినవాళ్లకు పడవ నడపడం నేర్పేవాడట. ఇప్పుడు పడవలకూ కుక్కలకూ కాపలా.

"ముప్పై ఏండ్లు నీళ్లలో ఉండే మనిషివి, నీకు నేను చెప్పేదేముందప్పా. ఎక్కి సూడు," అని ముందుగా ఒక సన్నటి పచ్చ కయాక్ నీళ్లలోకి తోశాడు.

వెంకటముని పుట్టిలో ఎక్కినట్టే అంచు మీద చెయ్యేసి, ఒక కాలు లోపల పెట్టాడు. మరుక్షణం మోకాటి లోతు నీళ్లలో వెల్లకిలా ఉన్నాడు. చక్రధర్ నవ్వి నవ్వి తాటిచెట్టు పట్టుకున్నాడు. వెంకటమునికి కూడా నవ్వొచ్చింది. మాఘమాసం తర్వాత నోరారా నవ్వడం అదే మొదలు. ఇంటికి పోయి దేవకమ్మకు చెప్పాలి, అనుకున్నాడు వెంటనే.

"సన్నంగా ఉండేది జోరుగా పోతాది, మనిషిని నిలపదు," అన్నాడు చక్రధర్ కళ్లు తుడుచుకుంటూ. "మొదట కొనేవాళ్లంతా పొడుగు సూస్తారు. సూడాల్సింది వెడల్పు. అడుగు సదరంగా ఉండాదా లేదా, సీటు నీళ్లకు ఎంత పైన ఉండాది, అది సూడల్ల. ఇదో, ఇది ఎక్కు."

రెండోది నీలం రంగుది, ఒంటి సీటు. వెడల్పు మూడడుగులకు రెండంగుళాలు తక్కువ. అడుగున రెండు పక్కలా దుంగల్లాంటి ఉబ్బు. వెంకటముని కూర్చున్నాడు. ఒక పక్కకు ఒరిగాడు, పడవ కొంచెం వంగి మళ్లీ లేచింది. రెండు కాళ్లూ ఒకే వైపు నీళ్లలోకి దించాడు, ఏమీ కాలేదు. చివరికి లేచి నిలబడి వల విసిరినట్టు చేతులు ఊపాడు. పడవ అతన్ని నిలబెట్టింది. రెండు వైపులా ఆకులున్న తెడ్డుతో నాలుగు బారలు వేస్తే గీత గీసినట్టు పోయింది. ధర పద్దెనిమిది వేలు, జేబులో ఇరవై ఉన్నాయి. ఇంతకన్నా మంచి పడవ తనకు దొరకదని అతనికి ఆ నాలుగు బారల్లోనే తెలిసిపోయింది. తెలిసి, దిగి, ఒడ్డున నిలబడి ఆ ఒక్క సీటునే చూస్తూ ఉండిపోయాడు. ఇది తీసుకుపోయి గుమ్మం ముందు దించితే ఇక ఏమీ చెప్పక్కరలేదు. పడవే చెప్పేస్తుంది.

"రెండు సీట్లది ఉండాదా?" అన్నాడు.

"ఉండాది. పన్నెండడుగులు దాటుతాది. ఇరవై ఆరు వేలు. పోయేది ఇద్దరా?"

వెంకటముని నీళ్ల వైపు చూశాడు.

"ఇద్దరమే. నేనూ నా పెండ్లామూ."

"అయితే తీసుకో, దిగుల్లేదు. ఒక్కడివైతే వద్దనే వాణ్ని. ఎనక సీట్లో ఒక్కడే కూసుంటే ముక్కు పైకి లేస్తాది. గాలి ఎటు తోస్తే అటు పోతాది. ముందర బరువుండల్ల."

"ఉంటాదిలే. యాభై రెండు కిలోలు," అన్నాడు వెంకటముని.

పుట్టిని నాగలాపురం వాళ్లకు అమ్మేసి మిగతా డబ్బు సర్దాడు. చాలామంది అతన్ని తెలివితక్కువవాడన్నారు. అనండి. పుత్తూరు వరసలో రెండున్నర గంటలు భార్యను కూర్చోబెట్టినవాడు ఇంకోసారి ఆమె ముఖం మీద తలుపు వేయలేకపోయాడు, అంతే.

లగేజీ ఆటోలో ఆరెంజి రంగు పడవ వచ్చి ఇంటి ముందు దిగింది. కొత్త పుట్టిని నీళ్లకు దించే ముందు తెడ్డు వేసే ఆడమనిషి అందులో మొదట కూర్చోవాలి, అది వాళ్ల ఆనవాయితీ. ప్లాస్టిక్ పడవకు ఈ పద్ధతి ఎందుకని ఎవరూ అనలేదు. వరదమ్మ పసుపూ కుంకుమా పెట్టింది. వెంకటముని, వరదమ్మ మొగుడు మునెయ్య చెరో పక్కా పట్టి దేవకమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఆమె వీపు ఆనించి, కాళ్లు చాపి, కుడి చేత్తో తెడ్డు ఒళ్లో పెట్టుకుంది. ముఖం వెలిగిపోయింది. ఎసరు పొంగేంత సేపు కాదుగానీ, అందులో సగం సేపు నిటారుగా కూర్చుంది. తర్వాత మెల్లగా ఎడమకు జారింది. పడవ కదలలేదు, నేల మీద ఉందిగదా. జారింది మనిషే.

వెంకటముని భుజం అడ్డం పెట్టి పట్టుకున్నాడు.

"నీళ్లలో అయితే సరిపోతాది," అంది దేవకమ్మ. "ముందు నువ్వు పోయి దాని గుణం తెలుసుకో. వానలు పడినాక నేనొస్తా."

"అట్లనే," అన్నాడు.

గుణం మొదటి సాయంత్రమే తెలిసింది. వెనక సీట్లో కూర్చుని లోపలికి పోగానే ముక్కు నీళ్ల మీదికి లేచింది. కట్ట వైపు నుంచి వచ్చిన గాలి దాన్ని పట్టుకుని మొత్తం పడవను పక్కకు తిప్పింది. వల ముందు సీట్లో పెట్టి చూశాడు. కొంచెం నయం. కానీ వల నీళ్లలోకి పోయేకొద్దీ ముక్కు మళ్లీ లేచింది. వలకు కట్టిన బెండ్లూ దారమూ కలిసి ముద్దయ్యాయి. మూడు రోజులు పోయి మూడు రోజులూ చేతిలో పట్టేన్ని జిలేబీ చేపలు తెచ్చాడు. ఆ ఏడు కాటా సరిచూడటానికి సొసైటీవాళ్లు ఒక ఇనుప గుండు కొనుక్కొచ్చారు.

"పడవ మంచిదేనబ్బా, ముందర ఏమీ లేక సచ్చిపోతా ఉండాది," అన్నాడు మునెయ్య పక్కన పుట్టి ఆపి. "ఒక ఇసక మూట ఎయ్యి."

"అది దేవకమ్మ సోటు."

"సోటు ఆమెదే. ఎవురు కాదన్నారు? ఆమె వచ్చేదాకా ఇసక కూసుంటాది."

వెంకటముని ఆ రోజు మూట వేయలేదు. నాలుగో రోజు యూరియా సంచిలో ఇసక పోశాడు. ఎంత పోయాలో అతనికి ఎవరూ చెప్పక్కరలేదు. సొసైటీ కాటా మీద పెట్టి, దోసిళ్లతో పోస్తూ తీస్తూ, ముల్లు యాభై రెండు మీద నిలిచేదాకా చూశాడు. మూట ముందు సీట్లో పెట్టగానే ముక్కు దిగింది. పడవ గాలిని కోసుకుంటూ నేరుగా పోయింది, వల చిక్కు పడకుండా పరుచుకుంది. తెల్లారి పదకొండు కిలోల చేప కాటా మీద పెట్టాడు. లైసెన్సు నిలిచింది. ఒడ్డుకు వచ్చాక మూటను తుమ్మచెట్ల వెనక దాచి, సీటు కడిగి ఇంటికి పోయాడు.

"ముందర నేను లేకుండా ఎట్ల పోతా ఉండాది?" అని అడిగేది దేవకమ్మ రోజూ.

"పోతా ఉండాదిలే, కష్టం మీద."

ఆ జవాబు వినడం ఆమెకు ఇష్టం. తను లేకపోతే పడవ పోదన్న మాట మీదే ఆమె పీట మీద ఇంకొంచెం సేపు కూర్చుంటోందని అతనికి తెలుసు. చెప్పనివి మూడయ్యాయి.

అక్టోబరు మొదటి వాన పడిన మర్నాడు సాయంత్రం నాలుగు గంటలకు వెంకటముని వల వేయడానికి బయలుదేరుతున్నాడు. మూట తెచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. జారకుండా, సీటుకున్న బెల్టు మూట నడుముకు బిగిస్తున్నాడు. అప్పుడు కట్ట మీద ఆటో ఆగింది. వరదమ్మ దిగి, దేవకమ్మను నడుము పట్టి దించింది. దేవకమ్మ తల దువ్వుకుని, పూలు పెట్టుకుని, కుడి చేత్తో పుట్టి నాటి పాత తెడ్డు తెచ్చుకుంది. ఆ పొద్దున ఆమె ఎసరు పొంగే దాకా, ఆ తర్వాత బియ్యం ఉడికే దాకా కూర్చుందట. అతనికి చెప్పకుండా వచ్చి ఆశ్చర్యపరచాలనుకుంది. మునెయ్య ఇంట్లో చెప్పలేదు గనక వరదమ్మకు ఇసక సంగతి తెలియదు, తెలిస్తే తెచ్చేదా?

వరదమ్మ ఆమెను సగం మోసుకుంటూ మెల్లగా పడవ దగ్గరికి తెచ్చింది. వెంకటముని చేతులు బెల్టు మీదే ఉండిపోయాయి. దాచడానికి అక్కడేముంది?

దేవకమ్మ మూటను చూసింది. దానికి బిగించిన బెల్టును చూసింది.

"ఎన్ని దినాలుగా?"

"వేట మొదలైన వారం నుంచి."

"బాగా పోతా ఉండాదా?"

అబద్ధం చెప్పాలని నోరు తెరిచాడు. ముప్పై ఏళ్ల పనివాడు, పడవ గురించి అబద్ధం రాలేదు.

"బాగా పోతా ఉండాది."

"ఎంత పోసినావు?"

"నీయంత. యాభై రెండు."

దేవకమ్మ నవ్వింది, నోరు కదిలే ఆ ఒక్క పక్కనే. "యాడుండానయ్యా నేను యాభై రెండు. పోయిన నెల ఆస్పత్రిలో ఎక్కిచ్చినప్పుడు ముప్పై తొమ్మిది. ఇప్పుడు నన్ను కాటా ఎక్కిస్తే మెకానిక్కును పిలస్తారు."

వెంకటమునికి ఒక్కసారిగా అన్నీ చెప్పేయాలనిపించింది, డాక్టరమ్మ మాట, జూలై మాట, అన్నీ. "దేవకీ, ఆ పొద్దు నేను నిన్ను పుత్తూరుకు కాకుండా..." అని మొదలుపెట్టాడు.

"తెలుసు," అంది ఆమె. "డాక్టరమ్మ నా మంచం పక్కన నిలబడే గదా చెప్పింది. నాకు చెయ్యి పోయింది, చెవులు పోలేదు."

అతను నీళ్లలో నిలబడి ఏడ్చాడు. ఆమె ఏడవలేదు. ఇన్ని నెలలుగా తెలిసే కర్ర ఊపిన మనిషి, ఇప్పుడేం ఏడుస్తుంది?

"కొంచిం తీసేస్తా," అన్నాడు చివరికి మూట మీద చెయ్యేసి. "ముప్పై తొమ్మిదికి సరిచేస్తా. నువ్వు వచ్చేనాటికి అలవాటైతాది."

"తీయొద్దు. ముక్కు లేస్తాది," అంది దేవకమ్మ. "పడవకు ఆ బరువే కావల్ల. నాది సాలదు."

వంగలేక, తెడ్డు కొసతో చూపించింది. "బెల్టు ఇంకొక బెజ్జానికి లాగు. ఎడమకు జారతా ఉండాది."

అతను లాగి బిగించాడు. ఆమె తెడ్డును వరదమ్మకు ఇచ్చి, ఇంటికి పోయి పొయ్యిలోకి కొట్టుకోమంది. వెంకటముని వెనక సీట్లో కూర్చుని పడవను తోసుకుపోయాడు. గాలి ఉన్నా పడవ కొంచెం కూడా పక్కకు పోలేదు. కట్ట మీద నిలబడ్డవాళ్లంతా వెంకటముని మంచి పడవే ఎంచుకున్నాడని చెప్పుకున్నారు.